"పంపేసి ఉంటే ఏం చేయాలి మేడం?" అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. ఆన్‌లైన్ సేఫ్టీ పిల్లలకి మీరెలా చెప్తున్నారు?

సోషల్‌మేడం_పల్నాడు

అందరికీ నమస్కారం అండి. నేను పల్నాడు వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను, పదకొండేళ్ల సర్వీసు. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి, నాకు నిజంగా సలహా కావాలి.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె ఎనిమిది రోజులు బడికి రాలేదు. ఊరికే మానే పిల్ల కాదు. ఫోన్ చేస్తే వాళ్లమ్మ జ్వరం అంది. ఎందుకో నమ్మబుద్ధి కాక సాయంత్రం నేనే వాళ్లింటికి వెళ్లాను, పిల్ల వంటింట్లోంచి బయటికే రాలేదు, కాఫీ గ్లాసు కూడా వాళ్ల చెల్లితో పంపింది. చివరికి వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని చెప్పింది. వేసవిలో ఓణీల ఫంక్షన్ చేశారంట, ఆ ఫొటోలు ఈవిడ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది, ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఆ పిల్ల పేరు మీదే ఇన్‌స్టాలో అకౌంట్ తెరిచారు, దాంట్లోంచి ఊళ్లో అబ్బాయిలకి హాయ్ అని మెసేజ్‌లు పోతున్నాయి. పిల్లకి అసలు ఫోనే లేదండి. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అదీ వాళ్ల నాన్న పొలానికి తీసుకెళ్తాడు. ఫోన్ లేని పిల్ల మీద "ఇన్‌స్టాలో తిరుగుతోందంట" అని ఊళ్లో మాట పుట్టింది. ఇంక చదివింది చాలు, పెద్దమ్మ వాళ్లూరు పంపించేస్తాను అంటున్నాడు నాన్న.

హెచ్చెమ్ సార్‌కి చెప్పాను. శనివారం నో బ్యాగ్ డేనే కదమ్మా, పిల్లలందరికీ ఒక అవేర్‌నెస్ క్లాస్ పెట్టండి అన్నారు. పెట్టాను. రాత్రంతా కూర్చుని నెట్లో దొరికిన ఇంగ్లీష్ పీపీటీ ఒకటి తెలుగులోకి మార్చుకున్నాను. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దు, తెలియనివాళ్లతో మాట్లాడొద్దు, లింకులు నొక్కొద్దు, ఫొటోలు పంపొద్దు. పద్నాలుగు స్లైడ్లు. ఇన్‌స్టా ఎంతమందికి ఉందిరా అంటే అరవై మందిలో ఒక్క చెయ్యి లేవలేదు, సగం మందికి పైనే ఉందని నాకు తెలుసు, వాళ్ల రీల్సు నాకే కనిపిస్తాయి.

క్లాసు అయిపోయింది, నేను ఐఎఫ్‌పీ ప్యానెల్ (క్లాసులో గోడకుండే పెద్ద టచ్ స్క్రీన్) ఆఫ్ చేస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి డస్టర్ బల్లమీద పెట్టే వంకతో వచ్చి నా పక్కన నిలబడింది. ప్యానెల్ వైపే చూస్తూ "మేడం, ఒకవేళ పంపేసి ఉంటే?" అంది. ఏం పంపేసి ఉంటే అమ్మా అన్నాను. "నాక్కాదు మేడం, ఊరికే అడిగా" అని పరిగెత్తుకెళ్లిపోయింది.

ఆ పద్నాలుగు స్లైడ్లలో దానికి జవాబు లేదండి. నాకూ తెలియదు. నాలుగు రోజులైంది, ఇంకా ఆ పిల్ల ముఖం చూడాలంటే నాకే ఏదోలా ఉంది.

నేను అడిగేది రెండు. పిల్లలు నోరు విప్పేలా ఈ క్లాసు ఎలా చెప్పాలి, మీ బడుల్లో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. రెండోది, ఆ తొమ్మిదో తరగతి పిల్ల విషయంలో బడి తరఫున నేను చేయగలిగింది ఏముంది? మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఆ ఫేక్ అకౌంట్ స్క్రీన్‌షాట్లు పెట్టారు, "ఎవరో కనుక్కోండి" అని, అది కూడా నాకు నచ్చలేదు కానీ ఏమనాలో తెలియలేదు.


లెక్కలసారు_జనగామ

మేడం నమస్తే. మీ పోస్టు పొద్దున బస్సుల చదివిన, అప్పటిసంది ఆ పిల్ల అడిగిన మాటనే మనసుల తిరుగుతుంది. నేను మూడేండ్ల నుంచి మా బడిల ఈ క్లాసు చెప్తున్న. మొదటి యేడు నేను గూడ పీపీటీనే పెట్టిన, పిల్లలు బుద్ధిగ కూసున్నరు, చప్పట్లు కొట్టిన్రు, ఎవ్వరు ఏం చెప్పలే.

రెండో యేడు ఏం చేసిన్నంటే, క్లాసుకు వారం ముందుగాల ఒక చెప్పుల డబ్బాకు పైన సందు కోసి వరండల పెట్టిన. పేరు రాయొద్దు, కని ప్రతి ఒక్కరు చిట్టి వెయ్యాల్సిందే, అడిగేది ఏం లేకుంటె "ఏం లేదు" అని రాసి వెయ్యాలె అన్న. ఈ ముక్క ముఖ్యం మేడం, అందరు వేస్తెనే ఎవరు నిజంగ రాసిన్రో పక్కోనికి తెల్వది. ఇంకోటి, చిట్టీలు క్లాసుల విప్పద్దు. దస్తూరి గుర్తు పడ్తరని పిల్లలకు మస్తు భయం. నేను ఇంటికి తీస్కపోయి ఒక్కన్నే చదివి, ప్రశ్నలను నా మాటలల్లకు మార్చి బోర్డు మీద రాస్త, తర్వాత చిట్టీలు చింపేస్త.

ఏం వచ్చినయో చెప్తె నమ్మరు. "తాత ఫోన్ల గేమ్ ఆడితె పైసలు పోయినయ్, ఇంట్ల ఇంకా తెల్వదు." "ఒకాయన రోజు గుడ్ నైట్ పెడ్తడు, బ్లాక్ చేస్తె ఇంటికొస్తడా." ఒక చిట్టిల చిన్న చిన్న అక్షరాలతోని, "అన్న ఫోన్ల చెడ్డ వీడియో దానంతటదే వచ్చింది, నేను చూసిన, నాది తప్పా సార్" అని ఉండె. ఆ ఒక్క చిట్టి మీదనే నేను ఇరవై నిమిషాలు మాట్లాడిన.

పైసల సంగతి చేసి చూపియ్యాలె మేడం. మా ఏడో తరగతి పిలగాడు గేమ్ల ఫ్రీ డైమండ్లు ఇస్తమని లింకు వస్తె వాళ్ల నాయన ఫోన్ల నొక్కిండు, ఓటీపీ వస్తె చెప్పిండు, పత్తి అమ్మిన పైసలల్ల పద్నాలుగు వేలు పోయినయ్. తెల్లారి నాయన బడికొచ్చి పిలగాన్ని కొట్టబోతుంటె మేము ఆపి స్టాఫ్‌రూమ్ నుంచే 1930కి, అదే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ కొట్టినం. బ్యాంకు పేరు, టైము, ట్రాన్సాక్షన్ నంబరు అడిగిన్రు, చెప్పినం. ఆరు వేల చిల్లర ఒక అకౌంట్ల ఆగింది, మిగిలినయి అప్పటికే అక్కడ్నించి వేరే అకౌంట్లల్లకు పోయినయ్. పిలగాడు రాత్రే చెప్పి ఉంటె ఇంకా ఆగేవి, కొడ్తరని తెల్లారేదాక దాచిండు. అప్పటినుంచి నేను క్లాసుల మా పీఈటీ సారుకు నా ఫోన్లకెళ్లి ఒక్క రూపాయి పంపి చూపిస్త. చూడురి, పంపేటోనికే పిన్ను, తీసుకునేటోడు ఏం కొట్టిండు? ఏం కొట్టలే. పైసలు వస్తయి పిన్ను కొట్టు, క్యూఆర్ స్కాన్ చెయ్యి అని ఎవడన్న అన్నడంటె గుంజుకుంటుండు అని అర్థం. ఇది పిల్లలు ఇంటికి పోయి అమ్మలకు చెప్తరు, అమ్మలు ఫోన్ చేసి అడుగుతరు నిజమేనా సార్ అని.

ఫొటోల గురించి చెప్పేటప్పుడు పిల్లల ఫొటోలు ముట్టకురి. నా ఫొటోనే ఒకటి పెద్దగ ప్రింట్ తీసి గోడకు అంటిస్త, ఇంటి ముంగట బండి మీద నేను, ముందట మా బిడ్డ. దీన్ల కెళ్లి నా గురించి ఏమేం తెలుస్తయో చెప్పురి అంట. బండి నంబరు, గేటు మీద ఇంటి నంబరు, ఎనుక కిరాణం బోర్డు మీద ఊరి పేరు, మా బిడ్డ టై మీద బడి పేరు, నీడను పట్టి పొద్దుటి పూట అని గూడ ఒకడు చెప్పిండు. పదకొండు సంగతులు పట్టిన్రు. ఎవ్వరు ఏం చెప్పకున్నా ఆ రోజు సాయంత్రమే సగం మంది డీపీలు మారినయ్.

మీ ఎనిమిదో తరగతి పిల్లను స్టాఫ్‌రూమ్‌కు పిలువకురి మేడం, బెదురుతది. వచ్చే శనివారం మొత్తం క్లాసుకే ఆ ప్రశ్నకు జవాబు చెప్పురి, ఆమెకు అందుతది.


అడ్వకేట్_గుంటూరు

మేడం గారూ, ముందు మీ స్టాఫ్ గ్రూపు సంగతి. ఈ రోజే ఆ స్క్రీన్‌షాట్లు డిలీట్ ఫర్ ఎవ్రీవన్ చేయించండి, ఎవరి గ్యాలరీలో సేవ్ అయ్యాయో అక్కడా తీయించండి. ఇప్పుడున్నది మామూలు ఫంక్షన్ ఫొటోనే కావచ్చు. రేపు అదే ముఖం మార్ఫింగ్ ఫొటోలో వచ్చిందనుకోండి, అదీ "ఎవరో కనుక్కోండి" అని గ్రూపులో పడుతుంది, అప్పుడు పంపిన టీచర్ కూడా ఐటీ యాక్ట్ 67బి కిందికి వస్తారు. పద్దెనిమిది లోపు పిల్లల అశ్లీల ఫొటో పంపడమే కాదు, డౌన్‌లోడ్ చేసినా నేరమే. 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా పిల్లల మీద అలాంటి కంటెంట్‌ని చూడటం, దగ్గర పెట్టుకోవడం నేరమని స్పష్టంగా చెప్పింది. మంచి ఉద్దేశంతో చేశాం అంటే కుదరదు. పిల్ల పేరు, ఊరు బయటికి రాకుండా చూడాల్సిన బాధ్యత కూడా మీదే.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి విషయంలో ఆధారం కావాలి కాబట్టి వాళ్ల అమ్మగారి ఫోన్లోనో మీ ఫోన్లోనో ఒక్కచోటే ఉంచండి. అకౌంట్ యూజర్‌నేమ్ ఉన్నదున్నట్టు, ప్రొఫైల్ లింకు, చూసిన తేదీ టైము, ఎవరెవరికి మెసేజ్‌లు వచ్చాయో వాళ్ల దగ్గర చాట్ డిలీట్ చేయొద్దని చెప్పడం. చాలామంది కంగారులో ముందు అకౌంట్ రిపోర్ట్ కొట్టేస్తారు, అది పోతుంది, పోలీస్ స్టేషన్‌కి వెళ్తే చూపించడానికి ఏమీ ఉండదు. ముందు రాసుకోండి, తర్వాత రిపోర్ట్ చేయండి. వేరేవాళ్ల పేరుతో అకౌంట్ నడపడం మీద ఇన్‌స్టాలోనే ఫారం ఉంది, అకౌంట్ లేనివాళ్లు కూడా నింపొచ్చు, పిల్ల తరఫున తల్లో తండ్రో నింపితే సరిపోతుంది, ఐడీ అడిగితే ఇవ్వండి. 2021 ఐటీ రూల్స్‌లో ఇలాంటి ఫిర్యాదు బాధితురాలి తరఫున వస్తే కంపెనీ గంటల లెక్కలోనే తీసేయాలని ఉంది, కాబట్టి వారాలు ఎదురుచూడక్కర్లేదు. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టండి, ఆడవాళ్లు, పిల్లల మీద జరిగే వాటికి అక్కడ పేరు చెప్పకుండా పెట్టే వీలు కూడా ఉంది, కానీ కేసు ముందుకు నడవాలంటే పేరుతో పెట్టడమే మంచిది. పిల్లల విషయం ఏదైనా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, పంపేసి ఉంటే. క్లాసులో నేను ఇలా చెప్తాను: "పంపావు, సరే. ఇప్పుడు వాడు ఇంకో ఫొటో పంపు, లేకపోతే ఇది అందరికీ పెడతా అంటాడు. రెండోది పంపొద్దు, డబ్బులు ఇవ్వొద్దు, వాడితో వాదించొద్దు. చాట్ చెరపొద్దు. ఈ రోజే ఒక పెద్ద మనిషికి చెప్పు." బెదిరించేవాడికి డబ్బిస్తే ఆగుతాడని పిల్లలు అనుకుంటారు, ఇచ్చాక వాడు ఇంకా అడుగుతాడు, నా దగ్గరికి వచ్చిన ప్రతి కేసులో అదే జరిగింది.

టేక్ ఇట్ డౌన్ అని ఒక సర్వీసు ఉంది, అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థది, 2023 నుంచి నడుస్తోంది, మనవాళ్లూ వాడుకోవచ్చు, డబ్బులు అక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. పద్దెనిమిది లోపు ఉన్నప్పుడు తీసిన అలాంటి ఫొటో అయితే అక్కడ ఇస్తే ఫొటో మన ఫోన్ దాటి ఎక్కడికీ పోదు, దాని నుంచి ఒక వేలిముద్రలాంటి నంబరు తయారవుతుంది, ఆ నంబరు మాత్రమే ఇన్‌స్టా, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి వాళ్లకి వెళ్తుంది, ఎవరైనా ఆ ఫొటో అక్కడ పెడితే నంబరు కలుస్తుంది, తీసేస్తారు. వాట్సాప్ చాట్లలో తిరిగేవాటికి ఇది పనిచేయదు, అది పిల్లలకి దాచకుండా చెప్పాలి. పద్దెనిమిది దాటినవాళ్లకి స్టాప్ఎన్‌సీఐఐ అని ఇలాంటిదే వేరే ఉంది.

ఇంకొకటి. పిల్ల ఎవరో బెదిరిస్తున్నారని మీకు చెప్పిందంటే, ఫొటో మార్చి పెడతానని బెదిరించినా సరే, అది పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, పరిధిలోకి రావొచ్చు. విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలని సెక్షన్ 19 అంటుంది, చెప్పకపోతే 21 కింద మనకే శిక్ష. "బడి పరువు" అని పెద్దమనుషుల మధ్య సర్దేయడానికి ఎవరైనా వస్తే ఈ మాట చెప్పండి. చేసింది మీ పదో తరగతి కుర్రాళ్లే అయితే వాళ్లూ పిల్లలే, జువెనైల్ బోర్డు చూస్తుంది, వాళ్లని అసెంబ్లీలో నిలబెట్టడం లాంటివి దయచేసి చేయొద్దు.


రైతుబిడ్డ_ప్రకాశం

ఇవన్నీ ఎందుకండీ, పిల్లలకి ఫోన్లు ఇవ్వకపోతే ఏ గొడవా ఉండదు. ఆస్ట్రేలియాలో చూడండి, 2025 డిసెంబర్ 10 నుంచి పదహారేళ్ల లోపు వాళ్లకి సోషల్ మీడియా అకౌంట్లే లేకుండా చేశారు. మనదగ్గరా అదే చేయాలి. మా ఇంట్లో నేను ఇవ్వను, అంతే.


సోషల్‌మేడం_పల్నాడు

అన్నా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఒక్కసారి నా పోస్టు మళ్లీ చదవండి, ఆ పిల్లకి ఫోన్ లేదు. ఫోన్ లేకపోయినా ఊళ్లో పరువు పోయింది. పైగా హోంవర్క్ క్లాస్ గ్రూపుల్లోనే వస్తోంది, కరోనా అప్పటినుంచి ఇదే అలవాటైపోయింది. 2022 డిసెంబర్‌లో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు లాకులు వేసే ఇచ్చారు, మా పిల్లల్లో కొందరు నెల తిరక్కుండా ఆ లాకులు తీసేసి ఒకళ్లకొకళ్లు నేర్పించుకున్నారు. చట్టం వస్తే రానివ్వండి, ఈలోపు నా ఎదురుగా అరవై మంది కూర్చున్నారు కదా.

జనగామ సార్‌కి, అడ్వకేట్ గారికి చాలా థాంక్స్ అండి. గ్రూపులోవి డిలీట్ చేయించాను, హెచ్చెమ్ సార్‌కి మీ మెసేజ్ చదివి వినిపించాను, ఆయన వెంటనే ఒప్పుకున్నారు.


ఇద్దరాడపిల్లలఅమ్మ

నేను టీచర్‌ని కాదు, చదువుతూ ఉండలేక రాస్తున్నా. మా పెద్దది ఇంటర్ ఫస్టియర్‌లో ఉన్నప్పుడు ఎవడో ఫ్రెండ్ లాగా మాట్లాడి ఫొటో తీసుకుని మూడు నెలలు ఏడిపించాడు. మూడు నెలలు అండీ. ఒకే మంచం మీద పడుకునేవాళ్లం. అన్నం సగం వదిలేసేది, పరీక్షల టెన్షన్ అనుకున్నా. ఫోన్ వైబ్రేట్ అయితే చాలు దాని చెయ్యి వణికేది, అది కూడా చూశా, చూసి "ఎప్పుడూ ఆ ఫోనేనా, ఒకరోజు గోడకేసి కొడతా" అన్నా. అంతా బయటపడ్డాక ఎందుకు చెప్పలేదే అని అడిగితే, "నువ్వు ఫోన్ లాక్కుంటావు, నాన్న కాలేజీ మాన్పిస్తాడు, వాడు ఎలాగూ పెడతాడు, మూడూ ఎందుకని" అంది. పదహారేళ్ల పిల్ల లెక్క వేసుకుందండి, అమ్మకి చెప్తే నష్టం ఎక్కువని.

అందుకే మేడం, మీరు పిల్లలకి ఎంత బాగా చెప్పినా ఇంట్లో మేము మారకపోతే ఆ పిల్ల చెప్పదు. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులు పక్కనపెట్టి తల్లిదండ్రులకి ఇది చెప్పండి. ముఖ్యంగా నాన్నలకి. "నువ్వు ఏం చేసినా సరే, వచ్చి చెప్తే ఆ రోజు నిన్ను తిట్టను, చదువు మాన్పించను" అని పిల్లతో ఒక్కసారి నోటితో అనమనండి. మనసులో ఉంటే చాలదు, వాళ్లకి వినపడాలి. నేను మా చిన్నదానికి అన్నాను, అది నవ్వేసింది, కానీ రెండు వారాల తర్వాత ఎవడో వీడియో కాల్ చేస్తున్నాడని ఫోన్ పట్టుకొచ్చి నా చేతిలో పెట్టింది.

ఇంకో మాట, ఫొటోలు బయటపెడుతోంది సగం మనమే. ఓణీల ఫంక్షన్, పుట్టినరోజు, ర్యాంకు ఫ్లెక్సీ, అన్నీ స్టేటస్‌లో పెడతాం. మన ఫోన్లో ఐదారొందల నంబర్లు ఉంటాయి, పాలవాడు, కేబుల్ అబ్బాయి, ఎప్పుడో గ్యాస్ కోసం సేవ్ చేసిన నంబరు, అందరూ చూస్తారు. స్టేటస్ ప్రైవసీలో "ఓన్లీ షేర్ విత్" అని ఉంటుంది, కావాల్సిన నలుగురిని టిక్ పెట్టుకుంటే వాళ్లకే కనిపిస్తుంది. మీటింగ్‌లో తల్లుల ఫోన్లు తీయించి అప్పటికప్పుడు చేయించండి, మాటతో చెప్తే ఇంటికెళ్లాక మర్చిపోతాం. ఆ అమ్మాయి వాళ్లమ్మని మాత్రం ఎవరూ ఏమీ అనకండి, కూతుర్ని చూసుకుని మురిసిపోయి పెట్టుకుంది.


ఇంగ్లీష్‌టీచర్_గద్వాల

అందరూ బాగా రాశారు. నేను ఒక్క విషయం కలుపుతాను. మనం ఎంతసేపూ పిల్లలకి బయటి నుంచి వచ్చే ప్రమాదం గురించే చెప్తున్నాం, పిల్లలే పక్క పిల్లలకి చేసేది ఎక్కువ ఉంది. ఆ ఫేక్ అకౌంట్ తెరిచింది ఎవరో ముంబైలో కూర్చున్న దొంగ కాకపోవచ్చు, మీ బడి గేటులోంచే రోజూ లోపలికి వస్తుండొచ్చు.

మా దగ్గర పోయినేడు ఒక పిల్లవాడు మధ్యాహ్నం క్లాసులో నోరు తెరుచుకుని నిద్రపోతుంటే ఎవరో ఫొటో తీసి వాట్సాప్ స్టిక్కర్ చేశారు. ఎవరు ఏం అడిగినా రిప్లైగా ఆ స్టిక్కరే. పిల్లవాడు మధ్యాహ్న భోజనం ప్లేటు పట్టుకుని మెట్ల వెనక ఒక్కడే కూర్చుని తింటున్నాడని వంటామె వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. తెల్లారుజామున నాలుగింటికి లేచి బర్రెల పని చూసుకుని వస్తాడు, అందుకే నిద్ర. పిల్లవాడిని, వాళ్లమ్మని అడిగి, వాళ్లు సరే అన్నాకే క్లాసులో మాట్లాడాను. ఎవరు చేశారని అడగలేదు. ఎంతమంది దగ్గర ఉంది అన్నాను, మెల్లగా నలభై ఒక్క చేతులు లేచాయి. మొదట పంపినవాడికి కూడా అంతమందికి చేరిందని తెలియదు, వాడి ముఖం చూస్తే అర్థమైంది. ఇంటికెళ్లి తీసేయండి అన్నాను, అంతే, ఎవరినీ తిట్టలేదు. మర్నాడు ఇద్దరు పోయి ఆ మెట్ల దగ్గర వాడి పక్కన ప్లేట్లు పెట్టుకున్నారు. పూర్తిగా పోయిందా అంటే పోలేదు, వేరే క్లాసు గ్రూపుల్లో ఇంకా తిరుగుతూ ఉండొచ్చు, వెనక్కి తీసుకోలేం అన్న సంగతి కూడా వాళ్లకి అలాగే తెలిసింది.

ఫార్వర్డుల గురించి చెప్పేటప్పుడు నేను మా జిల్లా కథే చెప్తాను. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి గుర్తుందా, రెండు రాష్ట్రాల్లోనూ కొత్తమనిషి కనిపిస్తే కొట్టారు, ప్రాణాలు పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరూరికీ పోలీసుల్ని పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. మా పిల్లల్లో కొందరి ఇళ్లల్లో ఆ డప్పు విన్నవాళ్లు ఉన్నారు. ఇంటికెళ్లి నానమ్మని అడిగి రాసుకు రమ్మంటాను, ఆ రోజుల్లో మనింట్లో ఏమనుకున్నారు, తలుపులు వేసుకున్నారా, ఎవరినైనా అనుమానించారా అని. వాళ్లు తెచ్చిన రాతలు చదివాక ఫార్వర్డ్ నొక్కే ముందు ఏం చూడాలో నేను పెద్దగా చెప్పాల్సిన పని ఉండదు.

మెటీరియల్ కావాలంటే హైదరాబాద్ సీడాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వాళ్లు ఐఎస్ఈఏ అనే సైబర్ భద్రత అవగాహన ప్రాజెక్టు కింద పిల్లలకి, టీచర్లకి వేరువేరుగా తయారు చేసినవి ఉన్నాయి, ఇంగ్లీష్ పీపీటీతో కుస్తీ పట్టక్కర్లేదు.


సోషల్‌మేడం_పల్నాడు

రెండు వారాలు అయింది, ఏమైందో చెప్పాలి కదా మీకు.

అడ్వకేట్ గారు చెప్పినట్టే లింకు, తేదీలు రాసుకుని, వాళ్ల నాన్నతోనే ఫారం నింపించాను. ఆయనకి చదవడం రాదు, నేను చదివి చెప్తుంటే వేలితో ఒక్కో గడి నొక్కాడు. "నా బిడ్డకి ఫోన్ లేదు" అన్న ముక్క కూడా రాయమ్మా అన్నాడు, రాశాను. మూడో రోజుకి అకౌంట్ పోయింది. పోలీస్ స్టేషన్‌కి మా హెచ్చెమ్ సార్ తోడు వెళ్లారు, ఊళ్లో వాళ్లకి అది చాలా పనిచేసింది, బడి పెద్దసారే వెంట వచ్చాడంటే పిల్ల తప్పు లేదన్నమాట అని. చేసింది ఎవరో పోలీసులు చూస్తున్నారు, అది ఇక్కడ రాయను.

పిల్ల సోమవారం బడికి వచ్చింది. ముందు బెంచీలో కూర్చోలేదు, వెనక కిటికీ పక్కన కూర్చుంది. నేనేం అనలేదు.

శనివారం జనగామ సార్ డబ్బా పెట్టాను. "ఏం లేదు" అన్నవి తీసేస్తే ముప్పై ఏడు చిట్టీలు. ముందుగా, పంపేసి ఉంటే ఏం చేయాలో మొత్తం క్లాసుకి చెప్పాను, రెండోది పంపొద్దు దగ్గర్నుంచి టేక్ ఇట్ డౌన్ దాకా, బోర్డు మీద రాసి చెరపకుండా ఉంచాను. ఎనిమిదో తరగతి పిల్ల సంగతి ఇంతకుమించి చెప్పను, తను వచ్చింది, ఒక్కతే వచ్చింది.

చిట్టీల్లో ఐదు ఒకే మాట, "మా అమ్మ నా ఫొటో స్టేటస్‌లో పెట్టకుండా మీరు చెప్పండి మేడం" అని. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఆ ఐదూ పేర్లు లేకుండా చదువుతాను, తర్వాత ఫోన్లు తీయించి సెట్టింగు మార్పిస్తాను.

ఒక చిట్టీ దగ్గర మాత్రం ఆగిపోయాను. "ఏఐతో నా ముఖం పెట్టి వీడియో చేస్తే అది నేను కాదని ఊళ్లో వాళ్లకి ఎలా చెప్పాలి" అని ఉంది. కోర్టుకి ఎలా చెప్పాలో కాదు, ఊళ్లో వాళ్లకి అంట. పిల్లలకి అర్థమయ్యేలా దీనికి ఏం చెప్పొచ్చో, మీలో ఎవరైనా క్లాసులో చెప్పి ఉంటే శనివారం లోపు రాయండి.